తుప్పుకి మొహబ్బత్ అని పేరు పెట్టకండి

ఒక ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌ని విప్పేసి, పుర్జాలు పనికొచ్చేవాళ్ళకి పంచేయమని చెప్పినందుకు నన్ను కసాయి అన్నారు. అన్నవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు ఆ కారు కిందకి దూరి చూసింది లేదు. పక్కన నిలబడి ఫొటోలు దిగారు, "అబ్బ, ఎంత ఖూబ్‌సూరత్ గాడీ" అని నిట్టూర్చారు, చాయ్ తాగి వెళ్ళిపోయారు. ఇప్పుడు నా జవాబ్ వినండి. కొంచెం కడక్‌గా ఉంటుంది. బురా మానుకుంటే మానుకోండి, అబద్ధం మాత్రం చెప్పను.

తెలియనివాళ్ళ కోసం ముందు కారు సంగతి. యుద్ధ విమానం పేరు పెట్టుకున్న రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు ఇది. 1962 నుంచి 1980 దాకా నేనుండే ఈ కవెంట్రీ నగరంలోనే, కాన్లీ ఫ్యాక్టరీలో, మూడు లక్షలకి పైగా తయారయ్యాయి. గీసింది ఇటలీ ఉస్తాద్ జొవాన్నీ మికెలోత్తీ. దాని పుట్టుకే ఒక దాస్తాన్. స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీ దగ్గర పైసల్లేక మొదటి నమూనాని ఫ్యాక్టరీలో ఒక మూల దుప్పటి కప్పి వదిలేశారు. 1961లో లేలండ్ వాళ్ళు కంపెనీని కొన్నాక, కొత్త మాలిక్‌లు ఉన్న సామానంతా చూసుకుంటూ వచ్చి ఆ దుప్పటి ఎత్తారు. నచ్చింది, హుకుం ఇచ్చారు, కారు బజారుకొచ్చింది. దుప్పటి కింద నుంచి లేచిన కారు కదా, అందుకేనేమో ఏ పాకలో దుప్పటి కింద స్పిట్‌ఫైర్ కనిపించినా జనం అక్కల్ పోగొట్టుకుంటారు.

మనకీ దీనికీ రిష్తా ఉంది. స్పిట్‌ఫైర్ ఛాసిస్ అంటే ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి, పక్కలు కోసి చేసింది. ఆ హెరాల్డే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్‌గా తయారైంది. బ్రిటన్‌లో ఎన్నడూ రాని నాలుగు తలుపుల హెరాల్డ్ కూడా మనవాళ్ళు చేశారు. మద్రాసు పక్కనే కాబట్టి మా నెల్లూరులోనూ అవి బాగానే తిరిగాయి. మా అబ్బా డెంటింగ్ పని చేసేవారు. బానెట్టూ మడ్‌గార్డులూ అన్నీ కలిపి ముందుకి వంగి తెరుచుకునే హెరాల్డ్ మూతిని నేను చిన్నప్పుడే చూశాను. ఇక్కడికొచ్చాక స్పిట్‌ఫైర్ బానెట్ ఎత్తితే అదే మూతి. అరే, ఇది మన హెరాల్డ్ చెల్లెలు కదా అనుకున్నాను. కాబట్టి నాకు ఈ కారంటే దుష్మనీ ఏమీ లేదు.

ఇక ఝగ్డా దగ్గరికి వద్దాం. పాడుబడ్డ స్పిట్‌ఫైర్ ఒకటి ఎదురైతే బాగు చేయించాలా, వద్దా?

మొదట హిసాబ్‌వాలాలు మాట్లాడతారు. నడిచే మంచి స్పిట్‌ఫైర్ పది వేల పౌండ్ల లోపే దొరుకుతుంది. పాడైనదాన్ని తెస్తే, బాడీకీ పెయింట్‌కీ కలిపి 200 గంటల పని అనుకోండి. గంటకి 60 పౌండ్లు అనుకోండి. అక్కడికే 12,000. ఇంకా రేకులు, సీట్లు, టాపు, బ్రేకులు, టైర్లు, ఇంజన్. పది వేల కారుకి ఇరవై వేలు పోసినవాడు బేవకూఫ్ అంటారు. లెక్క సరిగ్గానే ఉంది. నాకు దాంతో తకరార్ లేదు. కానీ ఈ లెక్క ఫైస్లాకి పనికిరాదు. ఎందుకంటే ఏ పాడుబడ్డ స్పిట్‌ఫైర్‌ని తెచ్చి ముందు పెట్టినా ఇది "వద్దు" అనే అంటుంది. సగం బాగున్న కారుకీ వద్దే, మట్టిలో కలిసిన కారుకీ వద్దే. అన్ని కార్లకీ ఒకే జవాబ్ చెప్పే లెక్క ఈ కారు గురించి ఏం చెప్పినట్టు? షౌక్‌లో మునాఫా వెతికేవాడు కార్ల జోలికి రాకపోవడమే మంచిది. పెళ్ళిలో బిర్యానీకి పెట్టిన ఖర్చు వసూల్ అయిందా అని చూసుకుంటామా? (చూసుకునే మామయ్యలు ఒకరిద్దరు నాకూ ఉన్నారు, సరే.)

రెండోవాళ్ళు ఇంకా ఖతర్‌నాక్. వేలంపాట ఖబర్లు చదివి వస్తారు. 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో బెయోన్ కుటుంబం కార్లు వేలం వేశారు. ఏళ్ళ తరబడి పాకల్లో, షెడ్లలో పడి ఉన్న కార్లు. అందులో ఒక ఫెరారీ కాలిఫోర్నియా స్పైడర్ కోటీ అరవై లక్షల యూరోలు దాటింది, అదీ దుమ్ము కూడా దులపకుండా. ఆ ఫొటో చూసినప్పటి నుంచి పాకలో కారు అంటే ఖజానా అనే ఖయాల్ జనం బుర్రల్లో దిగిపోయింది. జాగ్వార్ ఈ-టైప్ సంగతీ అంతే. అది బాగు చేశాక వచ్చే ధర ఎక్కువ, కాబట్టి మరమ్మతు ఖర్చు ఎంతైనా కొంతవరకు మోస్తుంది. ఆ నజర్‌తో స్పిట్‌ఫైర్ వైపు చూడకండి భాయ్. ఫెరారీ మీది దుమ్ముకి ఖీమత్ ఉంది. స్పిట్‌ఫైర్ మీది దుమ్ము తుడవడానికి గుడ్డ కావాలి, అంతే.

మరి దేన్ని చూడాలి? రేకుని. ముందు రేకు, తర్వాత రేకు, ఆ తర్వాత కూడా రేకే.

స్పిట్‌ఫైర్‌కి వేరే ఛాసిస్ ఉంది కాబట్టి పైన బాడీ ఎంత కుళ్ళినా ఫరక్ లేదని కొందరు ఉస్తాదులు చెబుతారు. గలత్. హెరాల్డ్ ఛాసిస్‌కి పక్కన ఉండే పట్టీలని స్పిట్‌ఫైర్‌లో తీసేశారు. మిగిలింది మధ్యలో వెన్నెముక ఒక్కటే. ఆ పక్కల బలమంతా సిల్‌కి అప్పజెప్పారు. సిల్ అంటే తలుపు కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడుగ్గా ఉండే డబ్బా లాంటి రేకు. అంతే కాదు, వెనక చక్రాన్ని దాని జాగాలో పట్టి ఉంచే రేడియస్ ఆర్మ్ బిగించింది ఛాసిస్‌కి కాదు, సీటు వెనక బాడీకి. ఆ బాడీ రేకు కుళ్ళితే చక్రం తన ఇష్టమొచ్చిన దిక్కుకి తిరుగుతుంది. వంపులో అరవై మైళ్ళ వేగంతో పోయేటప్పుడు మీ ప్రాణం ఆ రేకు చేతిలో ఉంటుంది.

చూడడం కష్టమేమీ కాదు. తలుపు మూసి వెనక వైపు సందు చూడండి. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటే కారు నడుం వంగిపోయింది. జాకీ పెట్టి ఎత్తి, తలుపు తెరిచి మూయండి. ఇరుక్కుంటే మతలబ్ అదే. ఒక అయస్కాంతం గుడ్డలో చుట్టి సిల్ పొడుగునా నడిపించండి. అంటుకోని చోట లోపల పుట్టీ ఉంది. తివాచీ ఎత్తండి, ఫ్లోర్‌ని స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. అమ్మేవాడు వద్దంటే ఆ కారు వద్దు. బ్యాటరీ కింద చూడండి, ఇందులో బ్యాటరీ ఇంజన్‌కీ డ్రైవర్‌కీ మధ్య గోడ మీద కూర్చుంటుంది, యాసిడ్ కారి ఆ గోడని తింటుంది. ముందు అద్దం ఫ్రేము కింది అంచు చూడండి. ఇవన్నీ అరగంట పని, బట్టలు మాసిపోతాయి, అంతే.

ఇంజన్ గురించి ఆఖరున చెబుతున్నాను, కావాలనే. అమ్మేవాళ్ళందరూ "ఇంజన్ తిరుగుతోంది జనాబ్" అనే మొదలుపెడతారు. తిరగనివ్వండి. లక్షల్లో తయారైన ఇంజన్ అది, ఇంకొకటి దొరుకుతుంది. దీనికి ఒక పాత బీమారీ ఉంది, అది చూసుకుంటే చాలు. ఒకరిని క్లచ్ తొక్కమని చెప్పి ముందు పుల్లీని చూడండి. కళ్ళకి కనపడేంతగా ముందుకి వెనక్కి కదిలితే క్రాంక్ షాఫ్ట్ థ్రస్ట్ వాషర్లు అరిగాయి. అవి ఊడి కింద పడితే షాఫ్టు ఇంజన్ బ్లాకునే తినేస్తుంది. ఇంకొకటి, ముందు చక్రాల దగ్గర ట్రనియన్ అనే ఇత్తడి పుర్జా. దానికి గేర్ ఆయిల్ పట్టాలి, గ్రీజు కాదు. గ్రీజు కొట్టినవాళ్ళ కార్లలో ఏదో ఒక రోజు ఆ ఇరుసు పుటుక్కున తెగి చక్రం పక్కకి పడుకుంటుంది. ఇవి తెలుసుకోవాల్సినవే, కానీ కారుని బాగు చేయాలా వద్దా అని తేల్చేవి కావు. పుర్జా మార్చుకోవచ్చు. కుళ్ళిన రేకుని కుళ్ళిన రేకుకి వెల్డింగ్ చేయలేరు.

ఇప్పుడు నన్ను కసాయిని చేసిన కారు.

మా వీధికి రెండు వీధుల అవతల ఒక ముసలావిడ. భర్త పోయారు. ఆయన స్పిట్‌ఫైర్ 1500 ఇరవై ఏళ్ళకి పైగా గ్యారేజీలోనే ఉంది. గ్యారేజీ కప్పు ఒక పక్క కారుతుంది. కొడుక్కి దాన్ని బాగు చేయించాలని జిద్దు. తల్లికి గ్యారేజీ ఖాళీ కావాలి. కొడుకు బ్యాంకులో కర్జా తీసుకునేదాకా వచ్చాడు, అదీ చిన్న పిల్లలున్న మనిషి. నాకు రేకు తెలుసని ఎవరో చెబితే పిలిచారు. ఒక శనివారం పూటంతా దాని కింద ఉన్నాను. రెండు సిల్లులూ పోయాయి. ఫ్లోర్ రెండు పక్కలా పోయింది. రేడియస్ ఆర్మ్ బిగించే చోట వేలు పెడితే వేలు లోపలికి వెళ్ళింది. బ్యాటరీ కింద గోడ జల్లెడ. అద్దం ఫ్రేము అడుగు లేదు. ఛాసిస్ వెనక భాగం పల్చబడి సుత్తి దెబ్బకి చప్పగా మోగింది. బాగున్నవి కూడా చెప్పాలి, ఇన్సాఫ్ కాబట్టి. ఇంజన్, ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, స్టీరింగ్ ర్యాక్, చక్రాలు, పొడి పక్కన ఉండటం వల్ల బతికిపోయిన బానెట్. మూడు కార్లని రోడ్డు మీద నిలబెట్టే సామాను అది.

విప్పేయమన్నాను. "ఇది మా నాన్న కారు" అన్నాడు కొడుకు, గొంతు వణికింది. నాకూ అబ్బా లేరు, ఆ మాట నాకు అర్థం కాకపోలేదు. కానీ ఏం చెప్పాలి? మీ నాన్న పాదాలు పెట్టిన ఫ్లోర్ లేదు. ఆయన మోచెయ్యి ఆనించిన తలుపు కింద ఏమీ లేదు. సిల్లులు కొత్తవి, ఫ్లోర్ కొత్తది, గోడ కొత్తది, ఫ్రేము వేరే కారుది, ఛాసిస్ సగం వేరే కారుది పెట్టాక, అందులో మీ నాన్నది నంబరు ప్లేటూ స్టీరింగ్ వీలూ మిగులుతాయి. ఆ వీల్ ఇప్పుడే విప్పి ఇంట్లో పెట్టుకో, దానికి కర్జా అక్కర్లేదు అన్నాను. అతను ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. ఆవిడ మాత్రం కనపడితే పలకరిస్తుంది.

దీన్ని బేరహమీ అంటున్నవాళ్ళని ఒకటి అడుగుతాను. ఆ గేర్‌బాక్స్ ఇంకో కారులోకి వెళ్ళి నడుస్తుంటే బతికినట్టా, కారే గ్యారేజీలో నీళ్ళ కింద ఉంటే బతికినట్టా? ఈ కారు తయారవడం ఆగి నలభై ఏళ్ళు దాటింది. ఇవాళ రోడ్డు మీదున్న ప్రతి స్పిట్‌ఫైర్ ఏదో ఒక విప్పేసిన స్పిట్‌ఫైర్ పుర్జా మోస్తూనే ఉంటుంది. ఎంజీబీ వాళ్ళ కిస్మత్ వేరు. ఆ కారుకి 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్ళు పాత అచ్చుల మీదే పూర్తి కొత్త బాడీ చేసి అమ్ముతున్నారు. పైసలుంటే కుళ్ళిన బాడీ పారేసి కొత్తది కొనుక్కోవచ్చు. అప్పుడు మిగిలింది పాత కారా, కొత్త కారా అనే బహస్ వాళ్ళు పెట్టుకోనీ.

నిజమైన కసాయిలు వేరే ఉన్నారు. "ఏదో ఒక రోజు చేస్తాను" అనేవాళ్ళు. ఈ దేశంలో వీధికొకరు. ఇంటి పక్కన నీలం తార్పాలిన్ కప్పిన ఆకారం ఒకటి ఉంటుంది. కారు రోడ్డు మీదకి రాదని సర్కారుకి కాగితం ఇచ్చేశారు, పన్ను లేదు, ఖర్చు లేదు, తొందర లేదు. ఎవరైనా వచ్చి అమ్ముతారా అంటే ఇజ్జత్ పోయినట్టు చూస్తారు. అమ్మరు, చేయరు, చూడరు. తార్పాలిన్ వాన ఆపుతుంది, చెమ్మని మాత్రం లోపలే బందీ చేస్తుంది. పదేళ్ళ క్రితం రెండు సిల్లులు మారిస్తే బతికే కారు ఇవాళ నాలాంటివాడు వచ్చి విప్పేయమనే హాలత్‌కి వస్తుంది. అప్పుడు ఏడుస్తారు, నన్ను తిడతారు. రెండేళ్ళలో మొదటి రేకు కోయలేనని మీకే తెలుసు కదా? అయితే ఇవాళే, ఇంకా కారుగా ఉండగానే, చేసేవాడికి ఇచ్చేయండి. యాదులు మీ దగ్గరే ఉంటాయి, వాటికి పార్కింగ్ అక్కర్లేదు.

ఇంకొక రకం ఉన్నారు, వీళ్ళ కారు తళతళ మెరుస్తుంది. పుట్టీ, పైన ఎర్ర పెయింట్, కొత్త క్రోమ్. అడుగున ఏముందో వాళ్ళూ చూడరు, ఇప్పుడు ఎవరూ చూడరు. 2018 మే 20 నుంచి బ్రిటన్‌లో నలభై ఏళ్ళు దాటిన, పెద్దగా మార్పులు చేయని కార్లకి ఏటా జరిగే ఎంఓటీ పరీక్ష అక్కర్లేదు. అంటే ఇవాళ పెద్దగా మార్పులు చేయని ఏ స్పిట్‌ఫైర్‌కీ పరీక్ష తప్పనిసరి కాదు. కారు సురక్షితంగా ఉంచే జిమ్మేదారీ మాత్రం ఖానూన్ ప్రకారం మాలిక్‌దే. స్వయంగా వెళ్ళి పరీక్ష చేయించుకోవచ్చు, ఎవరూ వద్దనరు. నాకు తెలిసిన ఒక రిటైరైన పెద్దాయన "పూర్తిగా బాగు చేసినది" అనే మాట నమ్మి అలాంటి మెరుపు కారు కొన్నారు. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఎండాకాలమంతా తిరిగారు. తర్వాత నేను అయస్కాంతం పెడితే సిల్ పొడుగునా ఎక్కడా పట్టలేదు. ఆయన మొహం చూడలేకపోయాను. ఆ ధోఖా చేసిన చేతులకి వెల్డింగ్ రాక కాదు, వెల్డింగ్‌కి టైం పడుతుంది, పుట్టీకి పట్టదు.

మరి రేకు పరీక్షలో నెగ్గిన కారుని ఏం చేయాలి? బాగు చేయండి, తప్పకుండా చేయండి, హిసాబ్‌వాలాలని పక్కకి నెట్టి చేయండి. కానీ ఇక్కడ ఒక పిచ్చి ఉంది. కారు మొత్తం ఆఖరి బోల్టు దాకా విప్పి, ఫ్యాక్టరీలో కూడా లేనంత నునుపుగా చేసి, ప్రదర్శనలో తాడు కట్టి నిలబెట్టడం. సగం మంది విప్పడం దగ్గరే ఆగిపోతారు. నలభై డబ్బాల్లో పుర్జాలు, చిట్టీలు ఊడిపోయి, ఏది దేనిదో తెలీక, "ప్రాజెక్ట్" అని అమ్మకానికి పెడతారు. మా అబ్బా దగ్గర ఈ దిఖావా లేదు. ఆయన మాట ఒకటే, మరమ్మత్. చెడ్డది తియ్యి, మంచిదాన్ని ముట్టుకోకు. సిల్ పోతే సిల్. బ్రేకు పోతే బ్రేకు. పెయింట్ వెలిసినా రేకుని కాపాడుతుంటే ఉండనీ, సీటు చిరిగితే కుట్టు. ఆ పద్ధతిలో చేస్తే ఖర్చు చాలా తగ్గుతుంది, ఏడాదిలోపు రోడ్డెక్కుతారు, మిగిలింది నడుపుకుంటూ చేసుకోవచ్చు.

సిల్ మార్చేటప్పుడు మాత్రం జల్దీ వద్దు. బాడీ ఛాసిస్ మీద ఉండగానే, తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప పట్టీ వెల్డింగ్ చేసి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క కోయాలి. రెండూ ఒకేసారి కోసినవాళ్ళ కారు అరటిపండులా వంగుతుంది, ఆ తర్వాత తలుపులు ఏ ఉస్తాద్ వచ్చినా పడవు.

గంటకి అరవై పౌండ్లా అని ఇక్కడ ముక్కు మీద వేలు వేసుకునేవాళ్ళకి కూడా ఒక మాట. నెల్లూరులో మా అబ్బా అదే పని చేశారు. సుత్తీ డాలీ పట్టుకుని, వంగిన హెరాల్డ్ మడ్‌గార్డ్‌ని చేత్తో తడుముతూ గీత దొరికేదాకా కొట్టేవారు. కారు మాలిక్‌లు ఆయన్ని "డెంటింగోడు" అనేవారు, ఇచ్చే మజ్దూరీలో కూడా బేరమాడేవారు. అదే హునర్‌కి ఇక్కడ హెరిటేజ్ క్రాఫ్ట్ అని పేరు పెట్టి, సన్మానాలు చేస్తారు. మంచిదే, ఖుషీ. కానీ పాత కారు మీద అంత ఇష్క్ ఉన్నవాళ్ళు కారీగర్ గంటకి ధర చెప్పగానే మొహం తిప్పుకుంటే, ఆ ఇష్క్ ఎవరి మీదో అర్థం కాదు. కారుని నిలబెట్టేది ఆ చెయ్యే. పైసలు లేకపోతే వెల్డింగ్ నేర్చుకోండి, సాయంకాలం క్లాసులున్నాయి. లేదా మంచి కారునే కొనుక్కోండి, సిగ్గేమీ లేదు.

విప్పేయడానికి ఫైస్లా అయినవాళ్ళకి కాగితాల విషయం. కారు రోడ్డు మీదకి రాదని సర్కారుకి తెలిపాక పుర్జాలు తీసుకోవచ్చు. మిగిలిన డొల్లని ఆథరైజ్డ్ ట్రీట్‌మెంట్ ఫెసిలిటీకి అప్పజెప్పి, డీవీఎల్ఏకి చెప్పాలి. లాగ్‌బుక్, అంటే వీ-ఫైవ్-సీ, మీరు ఆ కారు మాలిక్ అనడానికి సబూత్ కాదు, కారు ఎవరి పేర రిజిస్టరైందో చెప్పే కాగితం మాత్రమే. కానీ బజారులో దానికి గిరాకీ ఉంది. బానెట్ కింద ఒక చిన్న ప్లేటు ఉంటుంది, ఈ 1500ల్లో చాలావాటికి దాని మీద నంబరు ఎఫ్‌హెచ్ అని మొదలవుతుంది. ఆ ప్లేటూ లాగ్‌బుక్కూ రెండూ కలిపి ఇస్తారా, సామాను ఏమీ వద్దు, నగదు ఇప్పుడే ఇస్తాను అని ఒకడు తప్పకుండా వస్తాడు. ఇవ్వకండి. వాడి దగ్గర ఇంకో బాడీ ఉంది, దానికి పేరు లేదు.